బస్సు దివాకర్

కథలాపూర్ నుంచి జగిత్యాల దాకా లారీలు ఆగే ఏ హోటల్లోనైనా దివాకర్ ఎక్కడని అడగండి, ఏ దివాకర్ అని ఎదురడుగుతారు. బస్సు దివాకర్ అనండి, చాయ్ పోసే మనిషి కూడా నవ్వి, ఏ బండి మీద ఎటు పోయాడో చెప్పేస్తాడు. నిజానికి అతను పుట్టి బుద్ధెరిగాక బస్సు స్టీరింగు ముట్టలేదు. నడిపేది లారీ. అదీ కొత్తగా.

అతని తండ్రి రాజనర్సు గీత కార్మికుడు. కొడుకు ఎదిగివచ్చాక నడుముకి మోకు కట్టి కల్లు కోసం తాడిచెట్టు ఎక్కడం నేర్పబోయాడు. దివాకర్ సగం దాకా ఎక్కి కిందికి చూశాడు. చూడకుండా ఉండాల్సింది. చెట్టును గట్టిగా వాటేసుకుని కళ్లు మూసుకున్నాడు. చివరికి రాజనర్సే ఎక్కి, బుజ్జగించి దించుకొచ్చాడు. "నీకు భూమ్మీది పనే మంచిగుంటదిరా" అని నవ్వాడే గానీ, కులవృత్తి పోయిందని కొడుకును ఒక్క మాట అనలేదు. ఆ నవ్వే లేకపోతే తాను ఏమయ్యేవాణ్నో అని దివాకర్ ఇప్పటికీ అనుకుంటాడు.

భూమ్మీది పని అంటే మొదట ట్రాక్టరు, తర్వాత జగిత్యాలలో డీసీఎం వ్యాను. ఆ పైన హెవీ లైసెన్సు వచ్చింది. లైసెన్సు వచ్చింది గానీ లారీ ఎవరిస్తారు? ఏ ఆఫీసుకు పోయినా అనుభవం ఉందా అంటారు. బండి చేతికిస్తే కదా అనుభవం వచ్చేది. అలా తిరిగి తిరిగి చెప్పులు అరిగాక, కోరుట్లలో మనోహర్ సేటు దగ్గర తేలాడు. పసుపు, వడ్లు, మక్కజొన్నలు తోలే లారీలు మనోహర్‌వి. ఆయన నోరు తెరిస్తే తిట్టే, కానీ ఆ నోటితోనే "తాళం తీస్కో, పో" అన్నాడు. అనుభవం మాటే ఎత్తలేదు.

చేరి ఎన్నాళ్లో కాలేదు, గోడ సంగతి జరిగింది.

మనోహర్ గోదాం మెట్‌పల్లి పోయే రోడ్డు పక్కనే ఉంటుంది. లారీని రోడ్డు మీదే అడ్డం తిప్పి, వెనక్కి కొడుతూ గేటులోకి తేవాలి. ఆ రోజు క్లీనర్ రాలేదు. హమాలీల మేస్త్రీ ముత్తయ్య గేటు పక్కన నిలబడి, చెయ్యి ఊపుతూ "రానియ్, రానియ్" అంటున్నాడు. దివాకర్ అద్దంలో చూస్తూ మెల్లగా తెస్తున్నాడు. తేవాల్సినంత తెచ్చాడు. ముత్తయ్య "బస్, బస్" అన్నాడు.

మన దగ్గర బస్ అంటే చాలు, ఇక వద్దు అని. విస్తట్లో అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి అనే మాటే. అది దివాకర్‌కు తెలియక కాదు. కానీ లారీ మూతి ఇంకా రోడ్డు మీదే ఉంది. ఆ రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు వస్తూ పోతూనే ఉంటాయి. గుండె గుప్పిట్లో పెట్టుకుని వెనక్కి కొడుతున్న కొత్త డ్రైవరు చెవికి ఆ మాట ఇంకోలా పడింది. బస్సు వస్తోంది. రోడ్డు ఖాళీ చెయ్యాలి. దివాకర్ ఎక్సలేటరు తొక్కాడు.

ముత్తయ్య ఒక్క గెంతు గెంతి, "బస్, బస్, బస్" అని గొంతు చించుకున్నాడు. ఆయన ఎంత గట్టిగా అరిస్తే బస్సు అంత దగ్గరికొచ్చిందనుకుని దివాకర్ అంత తొక్కాడు. గేటు స్తంభం ముందు ఒరిగింది, దానితోపాటు గోడ చతికిలబడింది.

దుమ్ము కొంచెం తగ్గాక ముత్తయ్య వచ్చి, "బస్ అంటే ఆగుతలేవేందిరా?" అన్నాడు.

"బస్సేది కాకా?" అన్నాడు దివాకర్, రోడ్డు వైపు చూస్తూ.

రోడ్డు మీద ఒక ఆవు తప్ప ఏమీ లేదు. హమాలీలు బస్తాల మీద పడి పడి నవ్వారు. ఆ కబురు పొద్దుగూకే లోపు జగిత్యాల లారీల అడ్డాకు చేరింది, పేరు స్థిరపడింది. మనోహర్ వచ్చి తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాడు. మర్నాడు దివాకర్ తాళం అప్పజెప్పి పోదామని వస్తే, "నీకు ఇంక మంచిగ వచ్చిందే లేదు, అప్పుడే యేడికి పోతవ్? బండి తీయ్" అన్నాడు. గోడ మాట మళ్లీ ఎత్తలేదు. అయినా ఆ గేటులోకి వచ్చిన ప్రతిసారీ దివాకర్‌కు తల కొట్టేసినట్టే ఉండేది.

అలాంటి మనిషిని వదిలి పోవాలని ఎందుకనిపించిందంటే, మనీషా వల్ల. ఆమె అతని భార్య. మొదటి కడుపు పోయిన రోజు దివాకర్ పసుపు లోడుతో ఎక్కడో మహారాష్ట్రలో, సాంగ్లీలో ఉన్నాడు. అతని తల్లి సత్తవ్వే ఆటోలో వేసుకుని కోడల్ని జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయింది. కబురు తెలియగానే మనోహర్ ఫోన్ చేసి, "బండి ఆడనే పెట్టు, ఇంకొకన్ని పంపుత, నువ్వు ఇంటికి పో" అన్నాడు. దొరికిన ప్రతి బండీ ఎక్కి వచ్చినా, దివాకర్ ఇల్లు చేరేసరికి మనీషా ఏడవడం కూడా అయిపోయింది. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆ వీపును అతను మరిచిపోలేదు.

ఇప్పుడామెకు మళ్లీ అయిదో నెల. ఈసారి దూరం పోకూడదని దివాకర్ ఒట్టు పెట్టుకున్నాడు. కానీ మనోహర్ లారీలు పోయేదే దూరం. సిరిసిల్లలో శ్రీవాణి అనే ఆమె మగ్గాల బట్ట తోలే లారీలు నడుపుతోందని, పొద్దున బేళ్లు ఎత్తితే జగిత్యాల, కోరుట్ల షాపుల్లో దించి సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చని విన్నాడు. వెళ్లి అడిగాడు.

"ఎన్నేండ్లాయె తమ్మీ లారీ మీద?" అంది శ్రీవాణి.

"ఏడాది గావస్తున్నది మేడం."

"మేం రెండేండ్లు లేందే తీసుకోం. ఏడాది గూడ నిండలే, అప్పుడే కంపెనీ మారుతున్నవంటే ఏమో అనుకోవాలె గదా. నీ పాత సేటు నంబరియ్యి. మాట్లాడి చెప్త."

నంబర్ ఇవ్వడం ఎంతసేపు? కానీ పోతున్నానని మనోహర్‌కు చెప్పనే లేదు. ఇంటికొచ్చి చెబితే మనీషా ఒకటే మాటంది. "ఆయనకు ఇంకొకళ్లు చెప్పుడు మంచిగుండదు. నువ్వే పోయి చెప్పు. తిడితే పడు."

మర్నాడు కోరుట్ల పోయాడు. మనోహర్ గోదాంలో వడ్ల బస్తా మీద కూర్చుని ఉన్నాడు. విని, "నేర్చుకునుడు మనోహర్ కాడ, నడుపుడు సిరిసిల్లలనా?" అన్నాడు.

"గట్ల గాదు సేటు. మనీషాకు అయిదో నెల. మొన్నటి లెక్క మల్ల కావద్దు. నేను ఇంటి కాడ ఉండాలె."

మనోహర్ కింద రాలిన వడ్లు ఏరి బస్తా మీద పెట్టాడు. ఆ తర్వాత "పో" అన్నాడు, అంతే. మంచిగా పొమ్మన్నాడో, నా ముందు నుంచి పొమ్మన్నాడో దివాకర్‌కు అర్థం కాలేదు. కొత్తగా కట్టిన గోడ పక్క నుంచి తల వంచుకుని బయటికొచ్చాడు. ఈ గోడ సంగతి తెలిశాక సిరిసిల్లలో ఎవరు బండి ఇస్తారని దారి పొడవునా కుమిలిపోయాడు.

సిరిసిల్ల పోయి నంబర్ ఇస్తే, శ్రీవాణి అతణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకునే ఫోన్ చేసింది. పక్కన మగ్గాల చప్పుడు, వినపడక స్పీకర్ పెట్టింది.

"అవ్ మేడం, మా కాడనే నడిపిండు" అంది మనోహర్ గొంతు. "మొదట్ల ఎన్కకు కొట్టుడు వచ్చేది గాదు. మా గోదాం గోడ కూలగొట్టిండు."

దివాకర్ లేచి నిలబడ్డాడు. పోదామనే లేచాడు.

"గోడనా?" అంది శ్రీవాణి.

"గోడ, గేటు స్తంభం, అన్ని. అందరు నవ్విండ్రు. నేను మస్తు తిట్టిన. ఇంటికి పోయి పండుకున్నంక నాకు ఒకటి తట్టింది మేడం. మావోడు బస్ అంటే వీడు బస్సు అస్తుందనుకున్నడు. బండి మూతి రోడ్డు మీదనే ఉన్నది. బస్సు మీదికస్తుందంటే డ్రైవర్ ఏం జేస్తడు? తలుపు తీసి దునుకుతడు. నేను ముప్పై ఏండ్ల సంది బండ్లు నడిపిస్తున్న, దునికినోళ్లను చూసిన. వీడు దునుకలే. బస్సుల ఉన్న మంది పానాలు పోవద్దని గోడ మీదికి తోలిండు. గోడ నేను మల్ల కట్టుకున్న. గసొంటి డ్రైవరు మల్ల దొరుకుతడా? మీకు వద్దంటే చెప్పుండ్రి, ఇప్పుడే తోల్కపోత. ఇంటి కాడ ఉండాలన్నడని పంపుతున్న గని, నాకు పంపబుద్ధి అయితలేదు."

దివాకర్ నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఊరంతా నవ్విన పనిని ఆయన అలా చూశాడని అతనికి ఇప్పుడే తెలిసింది. తనే అలా చూసుకోలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి, తుడుచుకోలేదు కూడా.

శ్రీవాణి ఫోన్ పెట్టేసి, అతని వైపు తిరిగింది. "సోమారం సంది రా తమ్మీ. ఎన్కకు కొట్టేటప్పుడు మా హమాలీలు ఏమనాలె మరి?"

"ఆగు అంటే చాలు మేడం."

శ్రీవాణి గోదాంలో అప్పటి నుంచి ఆగు అనే అంటారు. దివాకర్ సాయంత్రం లారీ అప్పజెప్పి, సిరిసిల్లలో బస్సెక్కి, రోజూ ఇంటికి చేరేవాడు. మనీషాకు నొప్పులొచ్చిన రోజు పక్కనే ఉన్నాడు. ఆసుపత్రికి తనే తీసుకుపోయాడు, ఆమె చెయ్యి తనే పట్టుకున్నాడు. బిడ్డ పుట్టింది. సత్తవ్వ తెచ్చి చేతుల్లో పెడితే, తాడిచెట్టు మీద మూసుకున్నట్టే కళ్లు మూసుకున్నాడు. రాజనర్సు పక్కనే నిలబడి, "పడగొట్టవు తియ్, పట్టుకో" అన్నాడు.

తర్వాత కోరుట్ల లోడు పడ్డ రోజు బేళ్లు దించి, స్వీట్ల డబ్బా పట్టుకుని మనోహర్ దగ్గరికి పోయాడు. నెలల తరబడి కూడబెట్టిన మాటలన్నీ గొంతులో ఉన్నాయి.

"సేటూ, ఆ దినం మీరు గట్ల చెప్పకపోతే నేను ఇయ్యాల... మీరు మొదట బండి ఇచ్చిండ్రు, సాంగ్లీ నుంచి తోలిచ్చిండ్రు, గోడ కూలగొట్టినా..."

మనోహర్ స్వీటు నోట్లో వేసుకుని, మొహం అటు తిప్పుకుని, చెయ్యి అడ్డం పెట్టాడు. "బస్ రా, బస్" అన్నాడు. ఆ గొంతు అంత తడిగా ఉండగా దివాకర్ ఎన్నడూ వినలేదు.

ఈసారి ఆగాడు.