నాయన పేరు మీద మూడు బస్తాలు

మా సార్ పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఆఫీసులో ఆయన కుర్చీ పక్కనే ఉన్నాను. కడుపులో నొప్పని ఆస్పత్రిలో చేరి వారం కూడా కాలేదు. నాలుగు రోజుల్లో వచ్చేస్తారని అడిగిన వాళ్ళందరికీ నేనే చెబుతూ వచ్చాను. ఆఖరిచూపుకి వెళ్ళినప్పుడు ఆయన బొటనవేలు ఒక్కసారి చూడాలనిపించింది. అప్పటికే తెల్లబట్ట చుట్టేశారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక మగవాళ్ళు ఖబరస్తాన్‌కి బయల్దేరారు. నేను వాకిట్లోనే, ఆయన చెప్పుల పక్కన కూర్చుండిపోయాను.

గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లోని ఓ కోల్డ్ స్టోరేజీలో మా ఇద్దరిదీ సర్వర్ కంప్యూటర్ చూసుకునే పని. మీలో ఎవరైనా అక్కడ కాయలు దించడానికి వచ్చి ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. గళ్ళ చొక్కా, ఎడమచేతి బొటనవేలు ఎప్పుడూ నీలంగా ఉండే మనిషి.

రైతు తెచ్చిన బస్తాలు ఏ గదిలో, ఏ వరుసలో ఉన్నాయో చెప్పాల్సింది ఆ సర్వరే. అది తప్పు చెబితే వేల బస్తాల మధ్య తనవి నాలుగు వెతుక్కోవడం ఎవరి తరమూ కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు అప్పుడప్పుడూ కొత్త వెర్షన్ పంపుతారు. అది మా పాత కాటాతోనూ, పాత ప్రింటర్‌తోనూ పొసగుతుందో లేదో చూసుకుని ఎక్కించాలి. ఇంతేనా అని చేరిన కొత్తలో నేనూ అనుకున్నాను.

సార్ పద్ధతి వేరు. అసలు సర్వర్ పక్కన అలాంటిదే ఇంకో పాత మిషన్ పెట్టుకుని దాన్ని ట్రయల్ పెట్టె అనేవారు. ఏ వెర్షన్ వచ్చినా ముందు అసలు సర్వర్‌లోని లెక్కల నిన్నటి కాపీ అందులో పోసి, దాని మీద ఎక్కించి చూడాలి. ప్రతిసారీ అదే రైతు, అవే బస్తాలు. పొదిలి దగ్గర సార్ వాళ్ళ ఊరు, వాళ్ళ నాన్నగారి పేరు, మూడు బస్తాలు. వాటిని కాటా వేసినట్టు, గదిలో పెట్టినట్టు, మళ్ళీ బయటికి తీసినట్టు చేసి, చివరికి స్లిప్పు మీద స్టాంపు ప్యాడ్‌లో అద్దిన బొటనవేలితో ముద్ర వేసేవారు. ఇంగ్లీషులో గొలుసుకట్టు సంతకం పెట్టే మనిషి వేలిముద్ర వేస్తుంటే నాకు నవ్వొచ్చేది. ఓసారి అడిగేశాను.

"మా నాయనకి సంతకం రాదమ్మాయ్," అన్నారు. "మెట్ట చేలో మిరప వేసేవాడు. దాచుకునే ఓపిక లేక ఏ ఏటికాయేడు కల్లంలోనే అమ్మేసుకున్నాడు. ఇక్కడన్నా పెట్టుకోనీ."

ఆ మూడు బస్తాలూ సవ్యంగా బయటికొస్తేనే కొత్త వెర్షన్ అసలు సర్వర్‌కి ఎక్కేది. అదీ సీజను ముందే. తొలి ఎర్ర బస్తా గేటు దాటాక ఎవర్నీ సర్వర్ మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. నడుస్తున్న ఎద్దుకి నాడా కొడతామా అనేవారు.

నేను కొట్టాను. ఆ రోజు సార్ పొదిలిలో పెళ్ళికెళ్ళారు. చిన్న అప్‌డేటే కదా, వచ్చేసరికి చేసేస్తే మెచ్చుకుంటారని నేరుగా అసలు సర్వర్ మీదే ఎక్కించేశాను. తెర మీద అంతా బాగానే ఉంది. స్లిప్పు మీద మాత్రం వేలిముద్ర గడి పైకి జరిగి, బస్తాలు ఏ వరుసకో చెప్పే లాట్ నంబరు మీద కూర్చుంది. ముద్రలు వేసే రైతులు మాకు తక్కువేం కాదు. సాయంత్రానికి చాలా స్లిప్పుల మీద నంబరు నీలంగా అలుక్కుపోయింది. లోపల మేస్త్రీలు ఆ మసకలో మూడుని ఎనిమిదనుకుని కొన్ని బస్తాలు వేరే వరుసలో పేర్చేశారు.

మర్నాడు ఓ రైతు శాంపిల్ తీసుకోవడానికి వస్తే ఆయన కాయలు ఉండాల్సిన చోట లేవు. ఆయన కేకలు వెయ్యలేదు. గోడకి ఆనుకుని, ఏడాది కష్టమమ్మా అని ఒక్క మాట అన్నాడు. నేను ఫోన్ చేస్తే, సార్ పెళ్ళి మధ్యలోనే బస్సెక్కి వచ్చేశారు. ముందు పాత వెర్షన్ తిరిగి పెట్టారు. తర్వాత తానొక శాలువా కప్పుకుని, నాకొకటి ఇచ్చి, మేస్త్రీతో పాటు ఆ చలిగదులన్నీ తిప్పారు. బస్తాలు దొరికాయి. ఇదెవరి నిర్వాకమని మేనేజరు నిలదీస్తే, తన ట్రయల్లోనే పొరపాటు జరిగిందన్నారు. నేను ఏడుస్తుంటే మాత్రం ఒక మాటన్నారు.

"కంటితో చూశావమ్మాయ్. వేలితో చూడలేదు."

తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పటి నుంచి ఆయన "ఊఁ, కానియ్" అననిదే నేను ఏదీ ఎక్కించలేదు.

ఆయన పోయాక కంపెనీ నుంచి మళ్ళీ ఒక వెర్షన్ వచ్చింది. సార్ ఆస్పత్రికి వెళ్ళిన రోజు చూస్తున్నదాన్నే సరిచేసి పంపారు. సీజను దగ్గర పడింది. ట్రయల్ పెట్టె తెరిస్తే ఆయన పని సగంలో ఆగి ఉంది. నాయన పేరు మీద మూడు బస్తాలు లోపల పెట్టారు. నొప్పొచ్చి, బయటికి తీయకుండానే లేచి వెళ్ళారు. నిన్నటి కాపీ పోస్తే అవి చెరిగిపోతాయి. పోయకపోతే పని సాగదు.

మూడు రోజులు ఆ తెర ముందు కూర్చుని లేచిపోయాను. మేనేజరు అడిగితే రేపన్నాను. అలా వాయిదాలు వెయ్యడం సార్‌కి గిట్టదని నాకు తెలుసు. కానీ ఆ మూడు బస్తాలు లోపల ఉన్నంతసేపూ ఆయన టీకి వెళ్ళినట్టే ఉండేది. ఇంకాసేపట్లో వచ్చి, ఏమ్మా, నాయన బస్తాలు తీశావా అంటారనిపించేది. ఆ మాట కోసం ప్రాణం కొట్టుకుపోయేది.

నాలుగో రోజు పొద్దున్నే వెళ్ళి, ఆయన మొదలుపెట్టింది ఆయన పద్ధతిలోనే పూర్తి చేశాను. మూడు బస్తాలూ బయటికి తీశాను. పాత ప్రింటర్ కీచుమంటూ స్లిప్పు వదిలింది. ఊరు, నాయన పేరు, లాట్ నంబరు, అన్నీ వాటి వాటి చోట ఉన్నాయి. కింద వేలిముద్ర గడి ఖాళీగా ఉంది. నిన్నటి కాపీ పోయడం మొదలుపెట్టి, స్లిప్పుని ఆయన బల్ల మీద కుర్చీ వైపుకి తిప్పి పెట్టాను. అలవాటు కొద్దీ స్టాంపు ప్యాడ్ మూత కూడా తీశాను. సిరా ఇంకా ఆరలేదు. మధ్యలో, ఆయన బొటనవేలు ఆనే చోట, చిన్న గుంట పడి ఉంది.