ఉప్పు తక్కువైన ప్రేమవిందు

నా చిన్నప్పుడు మా అవ్వ నోటికి భయపడని మనిషి బంగారుపాళ్యం చుట్టుపక్కల ఉండేది కాదు. పొద్దున్నే పొయ్యి రాజేసేటప్పుడు మొదలుపెడితే రాత్రి చాప పరిచేదాకా ఎవరో ఒకరిని తిడుతూనే ఉండేది. కట్టెలు తడిశాయని తాతను, పాలు తక్కువిచ్చిందని ఎనుమును, ఊరికే కనబడ్డానని నన్ను. ఆఖరుకు దేవుణ్ణి కూడా వదిలేది కాదు. "ఏం నాయనా, నీకు కండ్లు కనపళ్ళేదా" అనే ఆమె ప్రార్థన మొదలయ్యేది. అలాంటి మనిషి దగ్గర నేను ప్రేమ గురించి నేర్చుకున్నానంటే నా పిల్లలే నమ్మరు.

మాది చిన్న క్రైస్తవ సంఘం. పెంకుల కప్పు గుడి, దాని ముందు ఒక వసారా. ఇంటింటా ఆడవాళ్ళు అన్నానికి బియ్యం కొలిచేటప్పుడల్లా దేవుని పేరిట ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ పిడికెడు బియ్యం తెచ్చి గుడిలో పెద్ద బానలో పోసేవాళ్ళు. ఒకరివి సన్నవి, ఒకరివి దొడ్డువి, ఒకరివి రేషనువి, ఇంకొకరివి నూకలు. ప్రేమవిందు అని అందరం కలిసి కూర్చుని తినే రోజున ఆ బియ్యమే వండాలి. సగం సంగటిలా మెత్తబడిపోతే సగం పలుకుగా మిగిలేది. ఆ అన్నం వండటం మా అవ్వ పని. ఎవరూ మెచ్చుకోని పని కాబట్టి ఎవరూ పోటీకి రాలేదు.

ఆ ఏడు మామిడికాయలు కోతకొచ్చే వేళకు అకాల వాన పట్టుకుంది. ఏటి పక్కన ఉన్న ఇటుకల బట్టీలో వేలూరు దిక్కు నుంచి వచ్చిన ఒక కుటుంబం పనిచేసేది. కాల్చని ఇటుకలన్నీ నాని బురదైపోయాయి. వాళ్ళ గుడిసె కూలిపోయింది. బట్టీ యజమాని అటువైపు తొంగి కూడా చూడలేదు. మొగుడూ పెళ్ళాం, ఆమె చేతిలో బొడ్డు కూడా సరిగా ఆరని బిడ్డ, ఒక ముసలి అత్త, అందరూ తడుస్తూ వచ్చి మా గుడి వసారాలో చేరారు. ఊరికే కూర్చుని ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదేమో. ఆ ముసలామెకు నొసటి నిండా విబూది. బిడ్డ ఏడ్చినప్పుడల్లా దిష్టి అని వేపమండ తిప్పేది, వాన ఆగాలని మారెమ్మ మీద గొంతెత్తి పాడేది. లోపల మాకు ఆదివారపు ఆరాధన. మేము ఒక పాట ఎత్తుకుంటే ఆమె బయట ఇంకో పాట ఎత్తుకునేది. మా అందరికంటే ఆమె గొంతే పెద్దది.

ఆ పొద్దు మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, చెప్పింది మంచి సమరయుని కథే. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని దేవాలయంలో పూజ చేసే యాజకుడు చూసీ చూడనట్టు దాటిపోయాడు, అక్కడే సేవ చేసే లేవీయుడు దాటిపోయాడు, ఎవరూ పొత్తు పెట్టుకోని పరాయి జాతి సమరయుడు మాత్రం ఆగి గాయాలు కట్టాడు అని ఆయన చెబుతుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అని బయటికొచ్చి, వసారాలో ఉన్నవాళ్ళను చూసి మొహాలు మాడ్చుకున్నారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు గుడి కట్టిన దినం పండుగ, ప్రేమవిందు. సంఘ పెద్దలు ఒక పక్కకు పోయి మాట్లాడుకుని తీర్పు తెచ్చారు. ఇది దేవుని మందిరం కాబట్టి ముసలామె విబూది తుడుచుకుని, లోపలికొచ్చి ప్రార్థన చేయించుకుంటే ఉండొచ్చు, అన్నమూ పెడతాము, లేదంటే వేరే చోటు చూసుకోవాలి. ముసలామెకు సంగతి అర్థమైంది. "నా సామిని తుడిచేసి మీ సోరు తినాల్నా? దానికంటే వానే మేలు" అని సగం తెలుగూ సగం అరవమూ కలిపి అనేసి మూట కట్టడం మొదలుపెట్టింది. కోడలు బిడ్డను కొంగులో చుట్టుకుని ఏడుస్తూ లేచింది. బయట వాన దంచుతోంది. ఆ పసిగుడ్డు మళ్ళీ తడిస్తే బతకదని అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఒక్కరూ నోరు తెరవలేదు. అయ్యగారు కూడా పెద్దల మొహాలు చూస్తూ నిలబడిపోయాడు.

మా అవ్వ ఏం చేస్తోందా అని చూశాను. అన్నం బాన మీద మూత పెట్టి, మూత మీద గరిటె పెట్టి, పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ప్రేమవిందు రోజు వండిన మనిషే మొదటి గరిటె వడ్డించాలి, అంతవరకు ఇంకొకరు బాన ముట్టకూడదు. ఆ పద్ధతి పెట్టింది కూడా ఆ పెద్దలే. వరసలు కూర్చున్నారు, విస్తర్లు పరిచారు, నీళ్ళు చిలకరించుకున్నారు. అవ్వ లేవలేదు.

"ఏందమ్మా, వడ్డించవా?" అన్నాడు ఒక పెద్దాయన.

"నాకొక అనుమానం ఉండాదప్పా, అది తీరినాక లేస్తా. దెబ్బలు తిని పడుండేవోణ్ణి పైకెత్తేటప్పుడు, నీ నొసట ఏముండాది, ముందు అది తుడుచుకో అని అడిగినాడా ఆ సమరయుడు? నేను పొయ్యి కాడ ఉండి సరిగా ఇనలా. ఇన్నోళ్ళు మీరు సెప్పండి."

పప్పుచారు వాసన ముక్కులకు కొడుతోంది. పిల్లలం ఆకలికి సొమ్మసిల్లిపోతున్నాం. నాకు మా అవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్ళ కోసం సొంత మనవరాలి కడుపు మాడుస్తుందా అని. పిల్లలు తల్లులను పీకడం, తల్లులు పెద్దలను కొరకొరా చూడటం మొదలైంది. చివరికి ఆకలే గెలిచింది. అందరికంటే గట్టిగా మాట్లాడిన పెద్దాయనే విసురుగా లేచి, తన ముందున్న విస్తరి తీసుకుపోయి, వసారా అంచున మూటతో నిలబడి ఉన్న ముసలామె ముందు పరిచి, "కూసో తల్లీ, ఉండేది ఉన్నట్టే కూసో. యాడికీ పోవద్దు" అన్నాడు. ఆ మాటలో ప్రేమేమీ లేదు. అయినా అన్నాడు.

అవ్వ లేచింది. మొదటి గరిటె ముసలామెకే పెట్టింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది ఆదివారపు బడిలో చెప్పుకునే కథ అయ్యేది. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని దండం పెడుతుందని మేమంతా మెడలు చాచి చూస్తున్నాం. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం చిట్లించింది. "ఉప్పే లేదు. అన్నం సగం ఉడకనే లేదు. నువ్వా వండింది?" అని మా అవ్వను నిలదీసింది.

మా అవ్వ అగ్గి మీద గుగ్గిలమైంది. "నా తలకాయ కోసి పెట్టినా దానికీ వంక పెడతావే నువ్వు! వాన్లో పోయేదాన్ని నిలబెట్టినాను సూడు, నన్ను అనుకోవాల!" అని తిట్టింది. తిడుతూనే పొయ్యి దగ్గరికి పోయింది, తిడుతూనే తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు చేతిలో కల్లుప్పు చిప్ప ఉంది. విస్తరి అంచున ఇంత ఉప్పు పెట్టి, బాన అడుగు నుంచి మెత్తటి అన్నం వెతికి తీసి వేసింది. బాలింతకు వేరుగా మిరియాల చారు కాచి పోసింది.

ఆమె నిన్ను అంత మాటంటే ఉప్పెందుకు తెచ్చావని ఇంటికొచ్చాక అడిగాను. దానికి నాకూ తిట్లే. "ఉప్పు తక్కువైంది నిజమే గదే! మంచోళ్ళకే పెట్టాలంటే ఈ ఊర్లో ఎవురికి పెట్టేది? నీకే పెట్టేదాన్ని కాదు."

వాన వెలిసేదాకా వాళ్ళు ఆ వసారాలోనే ఉన్నారు. ఉన్నన్నాళ్ళూ ముసలామె వంకలు పెట్టింది, అవ్వ తిట్టింది. బిడ్డ మాత్రం ఒళ్ళు చేసింది. ఒక పొద్దున చూస్తే లేరు. చెప్పి పోలేదు, వసారా ఊడ్చి కూడా పోలేదు. ఆ తిట్లేవో తిట్టుకుంటూ అవ్వే ఊడ్చింది.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికొచ్చిన ఒరిస్సా వాళ్ళు మా పక్కింట్లో బాడుగకు ఉన్నారు. ఫోనులో పాటలు ఊరంతా వినబడేలా పెడతారు. నా గోడ మీద గుడ్డలు ఆరేస్తారు. చెప్పిన మాట అర్థం కాదు, అర్థమైనా వినరు. నచ్చినవాళ్ళను ప్రేమించడానికి దేవుడు పనిగట్టుకుని చెప్పాల్సిన అవసరమేముంది, ఇలాంటివాళ్ళు ఉంటారనే కదా చెప్పింది అనుకుని పళ్ళు నూరుకుంటాను. మొన్న వాళ్ళలో ఒకడు జ్వరంతో పనికి పోకుండా పడుంటే, తోడెవరూ లేరని గంజి కాచి, తగ్గేదాకా పోశాను. తగ్గిన మరుసటి పొద్దుకే మళ్ళీ అవే పాటలు. గోడ దగ్గరికి పోయి నోటికొచ్చినట్టు తిట్టాను. పనికి పోయేముందు ఏమైనా తిన్నావా అని కూడా అడిగాను. అదీ తిట్టినట్టే అడిగాను. నాకు ఇంకో రకంగా రాదు. మా అవ్వ దగ్గర నేర్చుకున్న ప్రేమ ఇదొక్కటే.