ఖాళీ గది చెప్పిన ‘పోయొస్తా’

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ఆగస్టులో కంపెనీ నన్ను చెన్నై నుంచి విరుదునగరం పంపింది. నా ఉద్యోగంలో అదే చివరి పోస్టింగ్. హోదా ప్రిన్సిపల్ ఇంజనీర్. వినడానికి ఘనంగా ఉంటుంది గాని, ఈ వృత్తిలో వయసు మీదపడినవాణ్ణి గౌరవంగా పక్కన కూర్చోబెట్టడానికి కనిపెట్టిన మాట అది. నా పై అధికారి డెలివరీ మేనేజరు. వయసులో నా కొడుకంతటివాడు. ఆయన చెన్నైలోనే ఉండి ఫోన్లో ఆజ్ఞలు జారీ చేసేవాడు.

పని ఇదీ. కోవిల్‌పట్టి, విరుదునగరం చుట్టూ ఉన్న నల్లరేగడి ఊళ్లలో తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఆ ఇంటి తెలుగును రాసేవారు లేరు, చదివేవారూ లేరు. ఎవరైనా మాట్లాడితే దాన్ని అక్షరాల్లో పెట్టే ప్రోగ్రాం ఒకటి తయారు చేయమని ఒక ట్రస్టు మా కంపెనీకి అప్పగించింది. అక్షరాలు తమిళ లిపిలో రావాలి, ఇక్కడివాళ్లు చదవగలిగేది అదే గనక. ఈ పనికి నన్నెంచుకున్నది నా తెలివి చూసి అనుకునేరు. మాదీ అరుప్పుకోట్టైలో తెలుగు మాట్లాడే మగ్గాల ఇల్లు, అదొక్కటే నా అర్హత. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు, సిటీ బస్సుల బోర్డులు కూడబలుక్కుంటూ. అక్కడి సహోద్యోగులు నా మాట విని, మీ తెలుగు మ్యూజియంలో పెట్టాలి సార్ అని ఏడిపించేవారు. ఆ పెట్టే పనేదో చివరికి నా నెత్తినే పడింది.

ప్రోగ్రామర్ అంటే రోజంతా టకటకా టైపు చేసేవాడని చాలామంది నమ్మకం. నా సర్వీసు మొత్తం మీద నేను రాసిన పంక్తులకంటే కొట్టేసినవే ఎక్కువ. మిగతా పొద్దంతా ఇతరులు రాసింది చదవడం, లాగ్ చూడటం. లాగ్ అంటే ప్రోగ్రాం ఏ వేళ ఏం చేసిందో తనంతట తాను రాసి పెట్టుకునే దినచర్య. పొద్దున కాఫీకి ముందే లాగ్ చూడటం నాకు అలవాటు. మా ఆవిడ దాన్ని పంచాంగ పఠనం అనేది.

ఇంకో అపోహ, యంత్రం మన మాట వింటుందని. వినదు. అప్పటిదాకా దానికిచ్చిన మాటలన్నిటినీ బట్టి, ఈ చప్పుడుకు ఏ అక్షరాలు పడే అవకాశం ఎక్కువో లెక్క కట్టి రాస్తుంది. నేర్పిన పలుకు పలికే చిలకలాంటిదే, కాకపోతే చిలకకు ఆకలైనా వేస్తుంది. ఈ సంగతి ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా, తలూపి, మర్నాడు మళ్లీ ‘అది వింటోందా సార్’ అని అడిగేవారు.

మాటలు సేకరించడానికి కోవిల్‌పట్టిలో కడలై మిఠాయి, అంటే పల్లీపట్టీలు, అమ్మే కొట్టు మీద ఒక మేడగది అద్దెకు తీసుకున్నాం. బయటి రొద రాకుండా కిటికీలకు పరుపులు కట్టించాం. ఫీల్డ్ అసిస్టెంటు జయంతి ఊళ్ల నుంచి మనుషులను పిలిపించి, మైకు ముందు కూర్చోబెట్టి, పంటల గురించో వంటల గురించో మాట్లాడించేది. ఆ అమ్మాయిది ఏళాయిరంపన్నై పోయే దారిలో ఒక పల్లె. ఆమె తండ్రి కొండుసామి కూడా ఒకరోజు వచ్చి, మినుముకు పట్టే తెగుళ్ల మీద చాలాసేపు మాట్లాడి వెళ్లాడు. ఆ తర్వాత కొన్ని నెలలకు ఆయన సాత్తూరు రోడ్డు మీద మోపెడ్‌పై పోతూ లారీ తగిలి చనిపోయాడు. జయంతి కొన్నాళ్లు సెలవు పెట్టి మళ్లీ పనిలోకి వచ్చింది.

ప్రోగ్రాం తొలి రూపం సిద్ధమయ్యాక ఫీల్డ్ అసిస్టెంట్లకు తలా ఒక ఫోను ఇచ్చి ట్రయల్ మొదలుపెట్టాం. దాన్ని ఇంట్లో వాడించి చూడటం వాళ్ల పని. ఫోను విన్నదీ రాసిందీ మాకు విరుదునగరం చేరుతుందని ఇంటివాళ్లందరికీ ముందే చెప్పి, ఒప్పుకున్నాకే ఇచ్చాం.

తమిళుల పంగుని నెల, మార్చి ఎండలు మండుతున్న రోజులు. ఒక పొద్దున లాగ్‌లో జయంతి ఫోను నుంచి వచ్చిన వరసలు చూశాను. రోజూ మధ్యాహ్నమే, రోజూ ఒకే మాట. ‘పోయొస్తా.’ ముందూ లేదు, వెనకా లేదు. ట్రయల్లో ఇలాంటి చిల్లర తప్పులు మామూలే గనక చెవులకు హెడ్‌ఫోను తగిలించి ఒక రికార్డు పెట్టాను. మనిషి గొంతు లేదు. దూరాన కాకి, గోడ గడియారం, అంతే. సౌండు పెంచి మళ్లీ విన్నాను. పెంచినకొద్దీ ఆ గది నా చుట్టూ పరుచుకున్నట్టయింది. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, కాని మాట్లాడటం లేదు. అక్షరాలు మాత్రం పడి ఉన్నాయి. పట్టపగలు, పక్క గదిలో మనుషులుండగా, హెడ్‌ఫోను తీసి వెనక్కి తిరిగి చూశాను.

జయంతికి ఫోన్ చేశాను. ఆ వరసల సంగతి అడిగాను.

“అది నేను కాదు సార్. మా అమ్మ,” అంది. “నాయిన పోయినప్పటి నుంచీ అమ్మ మద్యాన్నం ఆయన మంచం కాడనే కూసోని ఉండాది. ఒకనాడు నేను ఫోను ఆన్ చేసి మరిచి పోతి. అది రాసింది అమ్మ చూసింది. అప్పుడు నుంచి రోజూ ఇదే.”

ఇక్కడ మా ఇళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. గడప దాటేవాడు ‘పోతా’ అనకూడదు, ‘పోయొస్తా’ అనాలి. తెలుగువాళ్లంతా పాటించేదే గాని మావాళ్లకు పట్టింపు మరీ ఎక్కువ. చిన్నప్పుడు ఆ మాట తప్పితే మా అమ్మ నన్ను వెనక్కి పిలిచి, నీళ్లు తాగించి, మళ్లీ అనిపించి పంపేది. చనిపోయిన రోజు కొండుసామిని, అంత ఎండలో బండి మీద పోవద్దని భార్య గురువమ్మాళ్ అడ్డగించిందట. ఆయనకు కోపమొచ్చి, ‘పోతా, ఏమి ఇప్పుడు’ అని బండి తీశాడు. ఆమెకు ఆయన మిగిల్చిన ఆఖరి మాట అది. ఇప్పుడు ఫోను ఆయన మంచం పక్క నుంచి ఆ మాట సరిచేసి చెబుతోంది.

“అది రాసే దాకా కూడు ముట్టదు సార్,” అంది జయంతి. “ఆయనే వచ్చి పిలస్తా ఉండాడు, నాకింక మాత్రలు ఏల అంటాది. సక్కర మాత్రలు మానేసింది. ఆస్పత్రికి రమ్మంటే, ఆయన వచ్చే టయంలో ఇల్లిడిచి ఎట్లా వచ్చేది అంటాది.” ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు, భయం ఉంది. ఒకర్ని పోగొట్టుకున్న ఇంట్లో రెండో మనిషి కూడా కళ్లముందే జారిపోతోంది.

నేను చేసిన మొదటి పని తప్పు ఎక్కడుందో వెతకడం. ప్రోగ్రాంకు ఏ చప్పుడూ లేని ఖాళీ ఫైలు ఇచ్చి చూశాను. ఏమీ రాయలేదు. అంటే, ఏమీ ఇవ్వకపోతే ఏమీ చెప్పదు, బాగానే ఉంది. అప్పుడు ఒక ఫోను మా మీటింగ్ గదిలో బల్ల మీద పెట్టి, ఫ్యాను ఆపి, బయటికొచ్చి తలుపు మూశాను. వరండాలో నిలబడి కింద అంగడిలో నూనె డబ్బాలు దింపడం కాసేపు చూసి లోపలికి వెళ్లాను. తెర మీద ‘పోయొస్తా’ అని ఉంది. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. ఎందుకు చెబుతోందో తెలియదు, ఎవరికి చెబుతోందో అసలే తెలియదు. నిజం చెప్పొద్దూ, మూడోసారి ఆ తలుపు తీయడానికి నాకు చేయి రాలేదు.

కారణం కోవిల్‌పట్టి మేడగదిలో దొరికింది. మాట్లాడటం ముగించిన ప్రతి మనిషీ లేచి, అలవాటు కొద్దీ, ‘సరి, పోయొస్తా’ అని వెళ్లేవాడు. జయంతి మర్యాదగా మెట్ల దాకా సాగనంపి వచ్చేది. ఆమె తిరిగొచ్చి మైకు ఆపేదాకా ఖాళీ గది రికార్డవుతూ ఉండేది. ప్రోగ్రాంకు నేర్పేటప్పుడు రికార్డులను ముక్కలు చేస్తాం. ప్రతివాడి ఆఖరి ముక్కలో ఒక ‘పోయొస్తా’, దాని వెనక బోలెడు నిశ్శబ్దం. అన్నన్నిసార్లు చూశాక చిలక నేర్చుకుంది. మనిషి లేని గది వినబడితే రాయాల్సిన మాట ఇదేనని.

మేనేజరుకు చెప్పాను. రికార్డుల చివర నిశ్శబ్దం ఉన్న తోకలు కత్తిరించి, మళ్లీ నేర్పించి, అప్‌డేట్ పంపేయండి, ఇందులో ఆలోచించడానికేముంది అన్నాడు. పని వరకు ఆయన అన్నది సబబే. కత్తిరించడం, నేర్పించడం అయ్యాయి. పంపడమే మిగిలింది. అప్పుడు జయంతి ఒక మాట అంది.

“అది ఊరికే నిలిచిపోతే, నాయిన మళ్లా చెప్పకుండా పోయినట్టు అవుతాది సార్. అప్పుడు అమ్మను నేను ఆపలేను.”

నేను మేనేజరుతో, ఒక్కరోజు ఆగండి, ముందు ఆ ఇంటికి వెళ్లి చెప్పి రావాలి అన్నాను. బగ్‌కు పరామర్శ ఏంటి సార్ అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అప్‌డేట్ మీద సంతకం నాదే గనక, పెట్టను పొమ్మన్నాను.

మర్నాడు జయంతితో కలిసి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, దారిలో మనిషన్నవాడు లేడు. ఎండకు పగిలిన రేగడి, మూసిన తలుపులు, చుట్టుపక్కల టపాకాయల కార్ఖానాల నుంచి బాణసంచా మందు వాసన. ఇంట్లో అడుగుపెడితే కళ్లు చీకట్లు కమ్మాయి. కాసేపటికి నులక మంచం, దాని మీద మడిచిన దుప్పటి, పక్కన స్టూలు మీద ఫోను, నేల మీద గురువమ్మాళ్ కనిపించారు. మనిషి ఎండిపోయి ఉంది.

“రాండన్నా, కూసోండి,” అంది మెల్లగా. “ఇప్పుడు మాట్లాడకండి. ఆయన టయం.”

కూర్చున్నాం. గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. కారణం నాకు తెలుసు, ఆ కారణాన్ని నా చేత్తో పట్టుకున్నాను. అయినా తెర మీద ఆ మాట పడుతుంటే నా కళ్లు మంచం వైపే వెళ్లాయి.

“ఎండలో వచ్చితివా?” అని ఆమె మంచాన్ని అడిగింది. తెర మీద ఆమె ప్రశ్న పడింది, దాని కింద ‘పోయొస్తా.’

“నేనూ రావాల్నా?”

జయంతి నా చేయి పట్టుకుంది.  ఫోను కాసేపు ఊరుకుని, అదే రాసింది.

ఇక ఆగకూడదని నేను మొదలుపెట్టాను. ఇది వినదమ్మా, మాట వినబడని చోట ఎక్కడ పెట్టినా ఇదే రాస్తుంది అని చెప్పి, ఫోను తీసుకెళ్లి గొడ్ల చావిడిలో పెట్టి వచ్చాను. తిరిగి తెచ్చి చూపిస్తే ‘పోయొస్తా’ అని ఉంది. ఆమె నా ముఖంలోకి చూసి, “ఆడికీ వచ్చినాడా?” అంది. కంప్యూటర్ గురించి నలుగురికీ పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్న విని ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

తర్వాత మేడగది సంగతి మొదటి నుంచీ చెప్పాను. జయంతి మధ్యలో, నేనే గదమ్మా అందర్నీ మెట్లదాకా పంపిస్తి అని అందుకుంది. గురువమ్మాళ్ అంతా విన్నది. అడ్డు ప్రశ్న వేయలేదు.

“ఆ రూములో ఈయన కూడా అట్లే చెప్పినాడా?”

“చెప్పాడమ్మా. రికార్డులో నేను విన్నాను.”

“అయితే ఇది రాసేదాంట్లో ఆయనది ఎంత?”

ఏమీ లేదు అనేస్తే ఆ పూటకు నా పని తేలికయ్యేది. కాని అది అబద్ధం. నేర్పడం అయ్యాక ఎవరి గొంతు ఎంత పనిచేస్తోందో విడదీయడం మావల్ల కాదు. కుండెడు నీళ్లలో తలా పిడికెడు ఉప్పు వేశాక నా ఉప్పేదని అడిగినట్టే. ఉంది, ఇంత అని చూపలేను అన్నాను.

ఆమె తల ఊపింది. “దీన్ని నిలిపేస్తారా?”

“సాయంత్రం నిలిపేస్తామమ్మా. చెప్పి పోదామనే వచ్చాను.”

“చెప్పితిరి. అది మంచిది.”

ఫోను మళ్లీ స్టూలు మీద పెట్టమంది. కొంగు సర్దుకుని దాని ముందుకు జరిగింది. ఈసారి మంచం వైపు చూడలేదు.

“అన్న చెప్పింది విన్నావు గదా,” అంది. “సరి. పో.”

మా ఇళ్లలో పగవాడినైనా గడపలో నిలబెట్టి ఆ ఒక్క మాట అనరు. ‘పోయి రా’ అంటారు. జయంతి తల్లి భుజం పట్టుకుంది. ఫోను ఎప్పటిలాగే కాసేపు ఊరుకుని రాసింది. ‘పోయొస్తా.’

“వద్దు,” అంది గురువమ్మాళ్. “పో.”

ఫోను బోర్లించి, గోడ పట్టుకుని లేచింది. మీరు కూడు తిన్నారా అని మమ్మల్ని అడిగింది. లేదన్నాను. చారు ఉండాది, ఉండండి అని లోపలికి వెళ్లింది. కళ్లు తుడుచుకున్నది జయంతి. నాకూ తుడుచుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం అప్‌డేట్ పంపాం. మర్నాడు లాగ్‌లో ఆ ఇంటి నుంచి ఒకే వరస ఉంది, ఎప్పటి వేళకే. ఆమె ఇంకొకసారి పెట్టి చూసినట్టుంది. ప్రోగ్రాం ఏమీ రాయలేదు. హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. కాకి, గడియారం, చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కంచం నేల మీద పెట్టిన చప్పుడు, జయంతి గొంతు దూరం నుంచి, మాత్ర వేసుకుంటివా అని. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకోలేదని ప్రోగ్రాం మీద తప్పు నమోదు చేసి, కాఫీకి వెళ్లాను.

మిగిలిన సర్వీసులో నేను ఏ తప్పు దిద్దినా, దాని మీద ఎవరు ఆధారపడి బతుకుతున్నారో ముందు కనుక్కున్నాను. వాళ్లకు చెప్పాకే దిద్దాను. తప్పు పోగానే పని అయిపోయిందనుకోవడం మా వృత్తిలో అన్నిటికంటే మొండి అపోహ.