మల్లయ్య దవడ

సర్కారు మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: దవాఖానకు ఒకే ఒక్క కుర్చీ ఇచ్చింది. యూనిఫారం వేసుకుని ఎవరొచ్చినా అందులోనే కూర్చునేవారు. అన్నేళ్లు చదివి డాక్టరునైన నేను కిటికీ అరుగు మీద కూర్చుని మందులు రాసేవాణ్ణి.

1948 వానాకాలం, సిద్దిపేట. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకూ నిజాం పోలీసులకూ పోరు నడుస్తున్న రోజులు. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి తల, ముఖం గాయాలే. నంగునూరు వైపు నుంచి రాజవ్వ తన భర్త మల్లయ్యను బండిలో తెచ్చింది. సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని పోలీసు అమీను మనుషులు తుపాకీ మడమతో అతని కింది దవడ రెండుచోట్ల విరగ్గొట్టారు. దారి పొడుగునా ఆమె అతన్ని ముందుకు వంచి, నుదురు తన భుజానికి ఆనించి పట్టుకుంది.

"పండవెడితే గొంతుల నెత్తురు గురగుర అన్నది సాబ్. గందుకే పండనియ్యలే."

వెల్లకిలా పడుకోబెడితే ఊపిరాడదని నాకు చెప్పడానికి కాలేజీకి రెండేళ్లు పట్టింది.

విరిగిన దవడకు చేసేది వైరింగ్. పై పళ్లనూ కింది పళ్లనూ సన్నని తీగతో కలిపి బిగిస్తాం. కదలకుండా ఉంటే ఎముక అతుక్కుంటుంది. మా దగ్గర తీగ లేకపోతే నగలు చేసే అవుసలాయన వెండి తీగ సాగదీసి ఇచ్చాడు. ఊడిన పన్ను సందులోంచి గొట్టంతో జావ పోశాం. వాంతి వస్తే వెంటనే తీగ తెంపాలి కాబట్టి తల దగ్గర కత్తెర.

మూడో రోజు అమీను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు.

"వీని ఇంట్ల ఎవరెవరు తిన్నరో పేర్లు గావాలె."

"ఆరు వారాలు నోరు తెరవొద్దు సాబ్." పుస్తకంలో ఉన్నది నాలుగే. మిగతా రెండూ నేను పెంచిన డోసు.

"రాసియ్యమను."

"రాయరాదు సాబ్. వాళ్లూర్ల సర్కారు బడి పెట్టలే."

ఆరో వారం వచ్చేసరికి ఇండియా సైన్యం దిగి ఆ నిజాం సర్కారే పోయింది. అమీను కనబడలేదు. ఇక భయం లేదనుకుని సంబరంగా తీగ తెంపాను. వృత్తిలో చాలా తప్పులు చేశాను. ఎముక చక్కగా అతుక్కున్న తప్పు ఇదొక్కటే. సంఘం వాళ్ల విషయంలో మాత్రం కొత్త సర్కారుకూ పాత సర్కారుకూ పేచీ లేదని నాకప్పటికి తెలియదు.

చివరి ముక్క లాగుతుండగా కొత్త పోలీసు అధికారి వచ్చాడు. బెజవాడ వైపు మనిషి, మర్యాదస్తుడు. నా కుర్చీలో కూర్చున్నాడు.

"నోరు బాగుపడిందటగా మల్లయ్యా? సంఘం వాళ్లు మీ ఇంట్లో ఎవరెవరు తిన్నారో చెప్పెయ్యి మరి."

రాజవ్వ నా వైపు చూసింది. మల్లయ్య అరచేత్తో గడ్డం పట్టుకుని, దవడను మెల్లగా అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు. ఆరు వారాల తరువాత మొదటి మాట నాతోనే అన్నాడు.

"మల్ల కట్టు, డాక్టర్‌సాబ్."