జిర్కాటాంగ్ దాటాక ఆపకూడదు

జిర్కాటాంగ్ గేటు దాటిన బండి మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా ఆగకూడదు. మధ్యలో ఉన్నది జారవా తెగవాళ్ళ అడవి. బళ్ళన్నీ వరసకట్టి కాన్వాయ్‌గా వెళ్ళాలి. ముందు ఒక పోలీసు జీపు, వెనక ఒక పోలీసు జీపు. ముందున్న బండిని దాటకూడదు, అద్దాలు దించకూడదు, ఏ కారణానికీ కిందికి దిగకూడదు. అడవి వాళ్ళది, మనం దారిన పోయేవాళ్ళం. అండమాన్‌లో పుట్టి పెరిగిన నాకు ఇదేమీ కొత్త సంగతి కాదు. ఇంజన్ కాగుతున్న బండిలో కూర్చుని ఆ దారిన వెళ్ళిన రోజునే అది ఎంత పొడవైన దారో తెలిసింది.

బండి గురించి ముందు చెప్పాలి. అది జపాన్‌లో తయారైన రెండు తలుపుల కారు. ఒక నౌకాధికారి తన ఇంటి సామానుతో పాటు తెచ్చుకుని, బదిలీ మీద వెళ్ళిపోతూ నాకు అమ్మాడు. అప్పటికే పాతది. ఇంజన్‌కు టర్బో ఉంది. పొగగొట్టంలోంచి వేగంగా పోయే వేడిగాలితో ఒక చిన్న చక్రం తిరిగి, బయటి గాలిని ఇంజన్‌లోకి బలంగా తోస్తుంది. దాంతో చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్‌లా లాగుతుంది. నేను ఉద్యోగమంతా పడవల ఇంజన్ల వర్క్‌షాపులో చేశాను. అక్కడ నెమ్మదిగా తిరిగే బరువైన యంత్రాలతో పనిచేసి ఇంటికొచ్చి ఈ బండి బానెట్ ఎత్తితే, గేదెల కొట్టంలో పందెపు గుర్రాన్ని చూసినట్టుండేది.

టర్బో ఉన్న బండిని దూరం నడిపాక వెంటనే ఆపకూడదు. కాసేపు ఊరికే తిరగనిచ్చి, చక్రం చల్లబడ్డాక తాళం తిప్పాలి. లేకపోతే వేడికి నూనె మాడి, లోపల బొగ్గులా గడ్డకడుతుంది. ఇంటి ముందు బండి ఆపి నేనలా కూర్చుంటే మా ఆవిడ గుమ్మంలోంచి, "దిగండి మరి. ఆయాసం మీకా, దానికా?" అనేది.

సునామీ వచ్చిన ఆదివారం నాటికి మా ఇల్లు ఉప్పుటేరు పక్కన లోతట్టులో ఉంది. ముందు భూమి ఊగింది. తరవాత నీళ్ళు వచ్చాయి. నేను మేడ మీదికి ఎక్కగలిగాను. బండి షెడ్డులో సీట్ల దాకా మునిగింది. మా ఆవిడ అప్పటికే బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీలో ఉంది. రేవులో నీళ్ళు ఒక్కసారిగా దిగిపోయి, మళ్ళీ లేచి, పడవను గోడకేసి కొట్టాయట. ఎవరో జబ్బ పట్టుకుని పైకి లాగారు. ఒంటి మీద చిన్న గాయం కూడా లేకుండా ఇంటికి వచ్చింది. కానీ ఆ తరవాత పడవ ఎక్కలేదు. రేవు వైపు వెళ్ళే బజారు దారి కూడా మానేసింది.

ఆ భూకంపంతో మా వైపు నేల కుంగింది. పాత ఇంటి పెరట్లోకి రోజూ పోటు నీళ్ళు రావడం మొదలయ్యాక షాదీపూర్‌లో ఎత్తు మీద ఇల్లు అద్దెకు తీసుకున్నాం. బండిని తాళ్ళు కట్టి లాగించి అక్కడికే చేర్చాను.

మా అత్తగారు మాయాబందర్‌లో పెద్ద కొడుకు దగ్గర ఉండేది. తుంటి విరిగి మంచం దిగలేని మనిషి. ఆదివారం ఆదివారం ఫోన్‌లో ఒకటే ప్రశ్న: "ఎప్పుడొస్తావే?" ఓడలో వెళ్ళినా నీళ్ళే. రోడ్డున వెళ్ళినా మధ్యలో రెండు చోట్ల పడవ మీద బండిని దాటించాలి. మా ఆవిడ "వస్తానమ్మా" అని ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా సర్దేది.

ఒకరోజు నేను ఉప్పు పట్టిన ఇంజన్ విప్పుతుంటే వచ్చి నిలబడింది.

"ఇది నడుస్తుందంటారా?"

"నడిపిస్తాను."

"సముద్రం మింగి ఊసేసిన బండిది. దీన్ని మీరు మళ్ళీ నడిపించిన్నాడు నేను నీళ్ళు దాటతాను. సరేనా? అందులోనే కూచుంటాను. కళ్ళు మూసుకుని, దిగకుండా."

జరగని పని అనుకునే అంది. నేను ఆ మాటను ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. చిన్నప్పటి నుంచీ రోజూ రాసే అలవాటు నాది. మర్నాటి నుంచి ఆ బండి నాకు సరదా కాదు.

పని ఏళ్ళ మీదికి సాగింది. పోర్ట్ బ్లెయిర్‌లో కుళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు ఇంటికి సగం, ఇంజన్‌కు సగం. ఉప్పు పోయేదాకా కడగడం, కిరోసిన్‌లో నానబెట్టడం, ఆరబెట్టడం, నూనె రాయడం. టర్బో విప్పితే చక్రం తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. దాన్ని వేలితో తాకితే తిరిగే స్థితికి తేవడానికి ఒక వానాకాలం పట్టింది. బండి నడకను చూసే కంప్యూటర్ పెట్టె పచ్చగా చిలుముపట్టింది. చెన్నై పాత సామాన్ల అంగళ్ళ నుంచి వేరొకటి ఓడలో తెప్పించాను. ఇక్కడి పెట్రోలుకు సరిపడేలా టర్బో ఒత్తిడి తగ్గించాను. నూనె చల్లబరచడానికి ముందు భాగంలో చిన్న కూలర్ బిగించాను. రేడియేటర్ చిల్లులు పడితే, ఒక జీపు రేడియేటర్‌ను కోసి, అతికి, కొలతకు తెచ్చాను. అసలు దానికన్నా పెద్దది. చల్లదనానికి ఇక లోటు లేదనుకున్నాను.

ఈ పనిలో నాకు తోడు మా ఆవిడ తమ్ముడు. జంగ్లీఘాట్‌లో చిన్న డింగీ పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. నోరు ఊరుకోదు, చెయ్యి అంతకన్నా ఊరుకోదు. ఇంజన్ మళ్ళీ బిగించేటప్పుడు థర్మోస్టాట్ చేతిలోకి తీసుకుని చూశాడు. ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య నీళ్ళను ఆపే చిన్న ఇత్తడి తలుపు అది. ఇంజన్ వేడెక్కితే తెరుచుకుంటుంది.

"బావా, ఇదేటికి మనకి? తుప్పట్టి చచ్చింది. మనదేటి కశ్మీరా, ఇంజన్‌కి సలేత్తాదని తలుపులెయ్యడానికి? బోట్లకి పెడతన్నామా?"

నిజమే, పెట్టం. ఇక్కడ బోటు ఇంజన్లలో అది పాడైతే తీసి పారేస్తారు. సముద్రం నీళ్ళు ఎన్నయినా లోపలికి వస్తుంటే తలుపెందుకు? మా వర్క్‌షాపులోనూ అదే పద్ధతి. "వదిలెయ్ అయితే" అన్నాను. ఊళ్ళో గుట్టలెక్కి దిగి చూశాం. ఖాళీ రోడ్డున ఫెరార్గంజ్ దాకా వెళ్ళి వచ్చాం. ఇంజన్ వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలిచింది.

ఒక తెల్లవారుజామున ముగ్గురం బయల్దేరాం. వెనక సీటు పిల్లలకైనా చాలదు. మా బామ్మర్ది అందులో నీళ్ళ డబ్బాలతో, పనిముట్ల సంచితో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. మా ఆవిడ ఒళ్ళో సున్నుండల డబ్బా. గేటు దగ్గర పోలీసు కుర్రాడు, ఇది అవతలికి చేరుతుందా అన్నట్టు బండి చుట్టూ తిరిగి చూశాడు.

"అంకుల్, యే పహుంచేగీ? అందర్ రుక్‌నా మనా హై."

"పక్కా పహుంచేగీ భాయ్! జపానీ హై," వెనకనుంచి బామ్మర్ది.

మా ఆవిడ మాత్రం నావైపు తిరిగి నెమ్మదిగా అంది. "ఇది లోపల ఆగిందంటే, వెనక్కెళ్ళే కాన్వాయ్‌లో ఇంటికెళ్ళిపోతాను. మళ్ళీ నన్నడగొద్దు. ముందే చెబుతున్నాను."

గేటు ఎత్తారు.

మా ముందు ఒక బస్సు. దాని పొగ, దుమ్ము, వేడి అన్నీ మా రేడియేటర్ మీదికే. వేగం పెంచడానికి లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు బస్సు నడిచే మనిషిలా కదిలేది. మొదటి గుట్టకే ముల్లు మధ్య గీత దాటింది. మా ఆవిడ కూడా ఆ ముల్లునే చూస్తోందని కాసేపటికి గమనించాను.

బస్సుకు కాస్త వెనకబడి ఖాళీ చేసుకుని, మళ్ళీ కొంచెం వేగంగా అందుకుంటే ముందుభాగానికి మంచిగాలి తగులుతుంది. అలా చేశాను. ముల్లు వెంట్రుకవాసి దిగింది. వెనక పోలీసు జీపు హారన్ మోగించి, లైట్లు వేసి, దగ్గరగా వెళ్ళమని సైగ చేసింది. మళ్ళీ బస్సు పొగలోకే.

"బావా, హీటర్ పెట్టీ."

"అద్దాలు దించకూడదురా."

"ఎవుడు దించమన్నాడు? పెట్టీ ముందు."

ఇంజన్ వేడిని కొంత బండి లోపలికి లాగేయడం అన్నమాట. చలిదేశాల కోసం పెట్టిన హీటర్‌ను అండమాన్ ఉక్కలో, మూసిన అద్దాల మధ్య, నిండుగా తిప్పాను. ముఖం మీద పొయ్యి తెరిచినట్టయింది. అద్దం మసకేసింది. మా ఆవిడ పైటచెంగుతో నా వైపు అద్దం తుడవసాగింది. ఆమె చెమట సున్నుండల డబ్బా మూత మీద బొట్లు బొట్లుగా పడింది.

"నెయ్యి కరిగిపోతుంది," అంది.

"అమ్మకి పాయసమనిచ్చీవే అక్కా," అన్నాడు తమ్ముడు.

ముల్లు ఎర్రగీత అంచుకు వచ్చి అక్కడే వణుకుతూ నిలిచింది. అడవి రెండు వైపులా చీకటిగా, తడిగా, చల్లగా కనిపిస్తోంది. ఆగి పది నిమిషాలు బానెట్ ఎత్తితే చాలు. ఆగడానికి లేదు. వేడికి ఇంజన్ పైమూత వంకరపోతే ఈ ద్వీపాల్లో దాన్ని సరిచేసే యంత్రం లేదు. అది కాదు అసలు భయం. పక్క సీట్లో ఉన్న మనిషి వెనక్కి వెళ్ళే కాన్వాయ్ ఎక్కితే, మంచంలో ఉన్న ఆ ముసలామె ప్రశ్న ఇక ప్రశ్నగానే ఉండిపోతుంది. కాలు పెడల్ మీద గుడ్డు మీద ఆనించినట్టు ఆనించి నడిపాను.

"ఆగిపోతుందా?" అంది మా ఆవిడ.

"ఆగదు."

"మీ గొంతు అలా అనడం లేదు."

చివరి దిగుడులో మడచెట్ల మధ్యనుంచి నీళ్ళు మెరిశాయి. ఆమె కళ్ళు మూసుకుంది. ముల్లు ఎర్రగీతలో ఉంది. రేవు వరసలో బస్సు వెనక ఆగాం. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

ఇప్పుడు ఇంజన్ ఆపితే టర్బోలో నూనె మాడుతుంది. ఆపకపోతే ఇంజన్ ఉడుకుతుంది. తాళం మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. బామ్మర్ది నా సీటు వెనకనుంచి పాకి బయటపడి, బానెట్ లేపి, డబ్బా ఎత్తి రేడియేటర్ మీద నీళ్ళు కుమ్మరించాడు. సుయ్యిమని శబ్దం వస్తుందని ఇద్దరం ఎదురుచూశాం. రాలేదు. నీళ్ళు ఊరికే కిందికి జారిపోయాయి.

వాడు అరచెయ్యి రేడియేటర్ మీద పెట్టాడు. తీయలేదు.

"బావా! ఇది గోరెచ్చగే ఉంది!"

ఇంజన్ పక్కనున్న సన్నని రబ్బరు గొట్టాన్ని తాకి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అప్పుడు నాకూ అర్థమైంది. ఇంజన్ ఆపేశాను. ఆ ఇత్తడి తలుపు రేడియేటర్ దారి తెరవడమే కాదు, తెరిచేటప్పుడు ఈ సన్న గొట్టపు అడ్డదారిని మూస్తుంది కూడా. మేం తలుపు తీసేసేసరికి నీళ్ళలో చాలావరకు ఈ అడ్డదారినే పట్టుకుని, రేడియేటర్ మొహం చూడకుండా, ఇంజన్ చుట్టూనే తిరుగుతున్నాయి. బోటులో ఇది తెలియదు. బోటు కింద సముద్రం ఉంటుంది.

"లోపలే సక్కర్లు కొడతన్నాయి బావా. సంతలో తాగుబోతులాగ."

ఈలోగా పడవ మీది మనిషి, వస్తారా రారా అని కేకలు మొదలుపెట్టాడు. "ఆఖరీ గాడీ! ఆతే హో కి నహీ?" వేడి చల్లారేదాకా ఇంజన్ తాకడానికి లేదు. జీపులో వెంట వచ్చిన ఆ పోలీసు కుర్రాడు, బస్సులోంచి దిగిన ఇద్దరు ముగ్గురు వచ్చి తోయడానికి నిలబడ్డారు. నేను స్టీరింగ్ దగ్గర, బ్రేకు మీద. బరువు తగ్గాలని మా ఆవిడను దిగమన్నారు. ఆ కొలిమిలోంచి దిగమంటే ఎవరికైనా సంతోషమే. దిగి, డబ్బా చంకన పెట్టుకుని, "గట్టిగా తొయ్యండి, ఊరికే చెయ్యేస్తారేంటి!" అని మగవాళ్ళను కసురుకుంటూ తనూ డిక్కీ మీద చెయ్యేసింది.

చక్రాలు పడవ అంచున దించిన ఇనప పలక మీద దడదడలాడాయి. బండి చోటులోకి వచ్చింది. అయినా ఆమె తోస్తూనే ఉంది.

"దీదీ, బస్. ఆ గయే," అన్నాడు పోలీసు కుర్రాడు.

ఆమె చెయ్యి తీసి, చుట్టూ చూసింది. వెనక పలక పైకి లేస్తోంది. రేవుకూ పడవకూ మధ్య నీళ్ళు కనిపిస్తున్నాయి. అద్దంలో నాకు ఆమె ముఖం కనిపిస్తోంది. నేను దిగి వెళ్ళాను.

"మోసం చేసి ఎక్కించారు నన్ను," అంది.

"నేనా? తోసింది నువ్వు కదా."

బండిలోకి వెళ్దామని తలుపు తీసింది. లోపలి వేడి ముఖాన కొట్టింది. మళ్ళీ వేసేసింది. ఒకవైపు కొలిమి, ఒకవైపు నీళ్ళు. బండి వెనక చక్రం మీది రెక్కను రెండు చేతులా పట్టుకుని, చూపు రంగు పోయిన ఆ రేకు మీద నిలిపి, అవతలి ఒడ్డు దాకా అలాగే ఉంది. ఆ పాయ వెడల్పు ఏపాటిది!

బారాటాంగ్ ఒడ్డున చెట్టు నీడలో ఇంజన్ చల్లారనిచ్చాం. డింగీ వాళ్ళ సంచిలో చెక్క బిరడాలు ఎప్పుడూ ఉంటాయి, పడవకు చిల్లు పడితే కొట్టడానికి. బామ్మర్ది ఒకదాన్ని కత్తితో చెక్కి, అడ్డదారి గొట్టంలో దిగ్గొట్టి, క్లిప్పు బిగించాడు. రేడియేటర్ నింపి ఇంజన్ తిప్పాం. కాసేపటికి ముల్లు మధ్యకు వచ్చి, చెప్పిన మాట విన్న పిల్లలా నిలబడింది. ఈసారి రేడియేటర్ మీద నీళ్ళు చిలకరిస్తే సుయ్యిమంది.

"ఇదీ లెక్క!" అని వాడు ఒక సున్నుండ అడిగాడు. అక్క ఇవ్వలేదు.

రెండో పాయ దగ్గరికి వచ్చేసరికి ఎండ ముదిరింది. ఇప్పుడు అక్కడ వంతెన ఉంది, అప్పుడు పడవే. ఈసారి బండిని తోయాల్సిన పని లేదు. ఇంజన్ చక్కగా తిరుగుతోంది. నేనే నడిపి పడవ మీదికి ఎక్కించాను. ఒప్పందం ప్రకారం మా ఆవిడ లోపలే కూర్చుని కళ్ళు మూసుకోవచ్చు.

పలక లేచింది. ఆమె తలుపు తీసుకుని దిగింది. బానెట్ మీద ఒక చెయ్యి ఆనించి, నీళ్ళ వైపు తిరిగి నిలబడింది.

"ఏం, దిగావు?" అన్నాను.

"లోపల ఉక్కగా ఉంది."

అద్దాలు రెండూ దించే ఉన్నాయి. టర్బో చల్లారేదాకా ఇంజన్‌ను కాసేపు అలాగే తిరగనిచ్చాను.