వారం తప్పిన మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడు. పదిహేను రోజుల కింద పొద్దున్నే బర్రెకు కుడితి పెడుతుంటే మా బిడ్డ ఫోన్ చేసింది. "నాయినా, మామ పోయిండు. నిన్న మంచిగనే రొట్టె తిన్నడు, అందరితోని మాట్లాడిండు. చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అని ఒక్క ఊపిరిలో చెప్పి ఏడ్చింది. నేను కుడితి బకెట్ పక్కనే కూలబడిపోయాను.

ఎనభై ఏడేళ్ల మనిషి. నలుగురు పిల్లల పెళ్లిళ్లు చేశాడు, మునిమనుమరాలిని ఒళ్లో ఆడించాడు, ఒక్క రోజూ మంచం పట్టకుండా వెళ్లిపోయాడు. ఎవరైనా పలకరిస్తే నాకు దుఃఖం కంటే ముందు సంతోషమే పొంగుకొస్తోంది. చావు గురించి రాస్తూ సంతోషమంటాడేంది ఈ ముసలాయన అనుకోకండి. అలాంటి మనిషి నా బిడ్డకు మామ అయ్యాడే అన్న సంతోషం అది. నేను ఐదో తరగతి వరకే చదివాను. రాయడంలో తప్పులుంటే మన్నించండి.

ఆయనకు ఆత్మకూరులో కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టే దుకాణం ఉండేది. పెళ్లికి వచ్చినా చొక్కా జేబులో కరెంటు టెస్టర్ ఉండాల్సిందే. గొంతు పెద్దది, కోపం కూడా పెద్దదే. జొన్నరొట్టెలోకి ఉల్లిగడ్డ పెట్టకపోతే పళ్లెం వెనక్కి నెట్టేవాడు. మా సంబంధం కుదిరిన రోజున కూడా పప్పులో ఉప్పు తక్కువైందని అందరిముందూ అనేశాడు. ఈ మనిషి చేతిలో నా బిడ్డ ఎట్లా బతుకుతుందో అని ఆ రోజు నాకు భయం పట్టుకుంది.

నా భయానికి కారణం ఉంది. మా బిడ్డ ఏడో తరగతిలో ఉండగానే నా భార్య పోయింది. ఆ తర్వాత బల్మూర్‌లోని మా ఇంట్లో నేనూ బిడ్డా ఇద్దరమే. అప్పగింతలప్పుడు మా వాడకట్టు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "తల్లి లేని పిల్ల. ఇగ పుట్టిల్లని ఎవల కోసం వస్తది? వచ్చినా ఎవలు ఉండమంటరు?" అని గుసగుసలాడారు. ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. వియ్యంకుడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయనా విన్నాడు.

మొదటిసారి బతుకమ్మ పండుగకు వచ్చింది మా బిడ్డ. తొమ్మిది రోజులు తొమ్మిది నిమిషాల్లా అయిపోయాయి. కోడలిని తీసుకుపోవడానికి వియ్యంకుడే మూడు బస్సులు మారి వచ్చాడు. ఆయన గడపలో అడుగు పెట్టగానే నా ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ రోజు శుక్రవారం. మా వైపు శుక్రవారం ఇంటి ఆడబిడ్డను గడప దాటించం.

"బావా, ఇయ్యాల ఏం వారమనుకున్నవ్?" అన్నాను.

"బేస్తవారం గదా?"

"నిన్న పాయె బేస్తవారం! ఇయ్యాల శుక్రవారం."

"అరెరె! ఎంత పనాయె!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "సరే తియ్, వచ్చినంక ఏం జేస్తం. చాయ్ పెట్టమను. రేపు పోతం."

అట్లా ఒక రోజు దొరికింది నాకు. ఆ రోజంతా ఆయన మా ఇంట్లో ఉన్నది తక్కువ. "అమ్రాబాద్‌ల మా దోస్తు ఉన్నడు, చూసొస్త" అని పొద్దున పోయి దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. నేనూ నా బిడ్డా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మధ్యాహ్నం పడుకున్న బిడ్డ పొద్దుపోయినా లేవలేదు. అప్పుడే తిరిగొచ్చిన వియ్యంకుడు, నేను లేపబోతే కసిరాడు. "లేపకు బావా. ఆడ అయిదు గంటలకే లేస్తది. ఈడనన్న కండ్ల నిండ పండనియ్."

తర్వాత బిడ్డ ఉగాదికి వచ్చినప్పుడు ఆయన తీసుకుపోవడానికి వచ్చింది మళ్లీ శుక్రవారమే. తొలి కాన్పు మా ఇంట్లోనే చేశాం. ఇంట్లో ఆడదిక్కు లేదు, ఎందుకు పంపాలని వాళ్ల చుట్టాలంతా అడ్డం పడితే, "తండ్రి ఉండంగ దిక్కులేకుండ ఎట్ల పోతది?" అని ఆయనే దింపి వెళ్లాడు. మూడో నెలలో తల్లీబిడ్డల కోసం వచ్చినప్పుడూ శుక్రవారమే. నేను ఊరివాళ్లందరి ముందూ ఎగతాళి చేసేవాణ్ణి. "మా బావకు మోటర్ల పొగ నెత్తికెక్కింది. దినాలు లెక్కబెట్టరాదు!" అనేవాణ్ణి. ఆయన అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఒక ఎండాకాలం మా బోరు మోటారు కాలిపోయింది. ఎత్తుకుని ఆత్మకూరు పోయాను. వియ్యంకుడు దుకాణంలో తీగ చుడుతూ, పెదాలు కదిపి చుట్లు లెక్కపెడుతున్నాడు. రైతులు వచ్చి నమస్తే పెడితే తల ఎత్తలేదు, ఎడమ చేతి వేలు ఒకటి పైకెత్తాడంతే. ఆగమని అర్థం. చుట్టడం అయ్యాక, ఎవరు ఏ వరసలో వచ్చారో ఆ వరసలోనే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించాడు.

నా పక్కన కూర్చున్న ముసలి రైతు నా తొడ మీద తట్టి చెప్పాడు. "చూసినవా పెద్దమనిషి? గిన్నేండ్ల సంది చూస్తున్న, ఒక్క చుట్టు తప్పలే. గిసొంటి లెక్క ఇంకెవనికీ రాదు."

నాకు చప్పున వెలిగింది. నెమ్మదిగా ఆయన దగ్గరికి జరిగి అడిగాను. "బావా, చుట్టు తప్పని నీకు వారమెట్ల తప్పుతది?"

ఆయన తల ఎత్తలేదు. తీగ చివర పట్టకారుతో మెలిపెడుతూ అన్నాడు: "చుట్టు తప్పితే మోటరు కాలుతది. వారం తప్పితే ఏం కాలుతది బావా?"

నేను చాయ్ తెస్తానని బయటికి వచ్చేశాను. హోటల్ ముందు నిలబడి తువ్వాలుతో మొఖమంతా తుడుచుకున్నాను. ఆ మాట మేమిద్దరం మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఆయన శుక్రవారమే వచ్చేవాడు, నేను ఎగతాళి చేస్తూనే ఉన్నాను.

కండ్లు మసకబారాక ఆయన రావడం మానుకున్నాడు. మా అల్లుడు వచ్చాడు. పాపం తెలివిగా గురువారం పొద్దున్నే వచ్చి, మధ్యాహ్నం బస్సుకే బయలుదేరదామన్నాడు. మా బిడ్డ చప్పుడు చేయకుండా బట్టలు సర్దుకుంటోంది. అంతలో వియ్యంకుడి ఫోన్. ఆయన గొంతుకు స్పీకర్ అక్కరలేదు, వాకిట్లో ఉన్న నాకు కూడా వినబడింది.

"ఏమ్రా, ఇయ్యాల పోయినవా? ఏం వారమని పోయినవ్?"

"బేస్తవారమే నాయినా. మంచి దినమే గదా?"

"మంచిదే. గదేరా నా బాధ! జర మెల్లగ పోతే ఏమైతుండె? ఆడనే ఉండు, ఎల్లుండి రా!"

అల్లుడు ఫోన్ వంక బిత్తరపోయి చూస్తున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక బర్రె దగ్గరికి పరుగెత్తాను.

ఆయన్ని సాగనంపిన రోజు డప్పులు మోగాయి, గులాల్ చల్లారు. నిండుగా బతికిన మనిషిని మావైపు అట్లాగే పంపుతాం. అందరితో పాటు పాడె పట్టాను. ఈ మోకాళ్లతో అన్ని అడుగులు ఎట్లా వేశానో నాకే తెలియదు.

పదో రోజు భోజనాలయ్యాక నా సంచీ సర్దుకున్నాను. చావింట్లో వాళ్లను చుట్టాలు తమ ఇంటికి తీసుకుపోయి ఒకటి రెండు రాత్రులు నిద్ర చేయించి పంపడం మా ఆచారం. నా బిడ్డను తీసుకుపోతానని అడగాలని ఉంది. కానీ భర్త పోయిన వియ్యపురాలిని ఇంట్లో ఆడతోడు లేకుండా వదిలి కోడలిని పంపమని ఏ నోటితో అడుగుతాను? చెప్పుల్లో కాళ్లు పెట్టేశాను కూడా.

"అన్నా, బిడ్డను తోల్కపో" అని లోపలి నుంచి వియ్యపురాలే అంది. "పది దినాల సంది నడుం వాల్చలే పిల్ల."

"మరి నువ్వు చెల్లె?"

"నాకేముంది. మా అన్నదమ్ములు ఎప్పుడో పాయిరి. నన్ను నిద్రకు పిలిచేటందుకు పుట్టింటోళ్లు ఎవలున్నరు?"

ఆ మాట వినగానే నేను చెప్పులు విడిచి లోపలికి పోయాను. "నేను లేనా? అన్నా అని ఊరికెనే పిలుస్తున్నవా? లే, చీరలు సర్దుకో. ఇద్దరూ వస్తున్నరు. మా ఇల్లే నీ పుట్టిల్లనుకో" అన్నాను. ఆమె కొంగు మొఖం నిండా కప్పుకుంది. మా బిడ్డ లేచి అత్త సంచీ వెతకడం మొదలుపెట్టింది.

ఇవాళ్టికి వాళ్లొచ్చి ఆరు రోజులు. ఇది రాస్తున్నప్పుడు అత్తాకోడళ్లు నడింట్లో గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నారు. మధ్యలో గంపెడు సీతాఫలాలు. ఏది మెత్తబడిందో వేలితో నొక్కి చూసి, పండింది అత్తకు ఇస్తోంది మా బిడ్డ. ఆమె సగం తిని మిగిలిన సగం కోడలి చేతిలో పెడుతోంది. ఏం మాట్లాడుకుంటున్నారో నాకు సరిగా వినబడదు. ఇద్దరి ముందూ ఒకటే పళ్లెం, అందులో నల్లగా మెరుస్తూ గింజలు ఒక్కొక్కటే రాలుతున్నాయి.