గిన్నెలు వణికిన మధ్యాహ్నం

మా బంగారు గని ఊరు చాంపియన్ రీఫ్స్‌లో పిల్లలకు డాన్సు నేర్పింది నేనే. మొత్తం ఐదుగురు. నల్ల టీషర్టులు, ఒకవైపు గొరిగించుకున్న తలలు. అందులో ఆడపిల్ల ఒక్కతే, మా మనవరాలు, పదహారేళ్ళది. గని మూతపడి అప్పటికి పన్నెండేళ్ళు దాటింది. సాయంత్రాలు వాళ్ళు సైనైడ్ దిబ్బ మీద గంతులేస్తుంటే, బంగారం పిండేసిన ఆ బూడిదరంగు మట్టి పొగలా లేచేది. ఏ కాళ్ళు ఎవరివో తెలిసేది కాదు. మనుషులు గాలిలో తేలుతున్నట్టే ఉండేది.

నేర్పాననడం కొంచెం ఎక్కువే. జరిగింది చెబుతాను.

వాళ్ళ బాధ ఒకటే. బెంగళూరులో పోటీకి పోయిన ప్రతిసారీ, ఇదంతా ఫోన్లో చూసి నేర్చిందే, ఇందులో మీదేముంది అని అడిగి పంపేసేవారట. మళ్ళీ ఆదివారం పోటీ ఉందనగా, ఒక మధ్యాహ్నం ఈ పిల్లలు పక్కింట్లో పెద్ద స్పీకరు పెట్టారు. మా లైను ఇళ్ళకు మధ్యగోడ ఒకటే. నేను గడ్డం గీసుకుంటున్నాను. అలమరలో గిన్నెలు వణికాయి. గని లోపల రాయి పేలినప్పుడు మా ఇళ్ళు అచ్చం అలాగే వణికేవి. సబ్బు నురగతోనే వీధిలోకి పరుగెత్తాను. గనిలోకి దిగే షాఫ్టు వైపు తిరిగి, ఈ షిఫ్టులో ఎవరెవరు దిగారని కేకలు పెట్టాను. పైన ఇనుప చక్రం కదలకుండా ఉంది. ఎండ నీళ్ళలా అల్లాడింది. నా కాళ్ళు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

మగపిల్లలు నలుగురూ నవ్వారు. మనవరాలు నవ్వలేదు. "తాత కాళ్ళు చూడండ్రా. అది యా ఫోన్లోనూ లేదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. నా భయం వీళ్ళకు ఆటా? దాని బూట్లు ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేశాను. పోటీ లేదు, గీటీ లేదన్నాను. అది వట్టికాళ్ళతో దిబ్బకు పోయింది. చాటుగా నేనూ వెళ్ళాను. ఐదుగురూ కదలకుండా నిలబడ్డారు. ఒకరి మోకాలి నుంచి ఇంకొకరి మోకాలికి వణుకు పాకింది. తర్వాత అందరూ ఒక్కసారిగా షాఫ్టు వైపు తిరిగారు. ఆ మట్టిపొగలో వాళ్ళు ఐదుగురే కాదు, ఒకప్పుడు నాతో దిగినవాళ్ళు కూడా నిలబడినట్టు అనిపించింది.

ఆదివారం పొద్దున మనసు కరిగి, పెట్టె తెరిచి, బూట్లు తుడిచి దాని చేతికిచ్చాను. మారికుప్పంలో రైలెక్కించి వచ్చాను.

ఇక్కడిదాకా మొన్న మనవరాలికి చదివి వినిపించాను.

"నువ్వు యాడ ఇచ్చినావు తాతా? పెట్టె తాళం నేనే పగలగొట్టినా. నువ్వు మొగం గోడకు తిప్పుకోని పండుకోనుంటివి."